వాక్కాయ కంచెకు నీళ్ళు పెట్టాలా, వద్దా?

ఎర్రనేల_రాజు: మాది అనంతపురం వైపు, ఎర్ర గరప నేల. మేకలు, పశువులు పడకుండా పొలం చుట్టూ మూడేళ్ళ కిందట వాక్కాయ మొక్కలు వేశాను. గుబురుగా పెరిగాయి, ముళ్ళు కూడా బాగా వచ్చాయి. కాయే లేదు, అక్కడొకటి ఇక్కడొకటి. డ్రిప్ వేస్తే కాస్తుందని ఒకరంటారు, వేస్తే ఆకే తప్ప కాయ రాదని ఇంకొకరంటారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

తణుకుతోట: రాజు గారూ, మొదటి రెండు వేసవులు పది పదిహేను రోజులకోసారి తడి ఇవ్వాలి. ఆ తర్వాత పిందె పడ్డాక ఒకటి రెండు తడులు చాలు. తొలకరికి చెట్టుకో తట్ట పశువుల ఎరువు వేయండి. నీళ్ళు లేకపోయినా వాక్కాయ చావదు, నిజమే. కానీ చావకపోవడం వేరు, కాయడం వేరు.

మెట్టరైతు: నీళ్ళు వద్దు, ఎరువూ వద్దు. మా కదిరి గుట్టల మీద కలివి పొదలకు ఎవరు డ్రిప్ వేశారు? బండ సందులో పిడికెడు మట్టి ఉంటే చాలు, బతికేస్తుంది. చుట్టూ గడ్డి మాడిపోయినా దాని ఆకు పచ్చగానే ఉంటుంది. నీళ్ళు తాగించారంటే కొమ్మ సాగుతుంది, అంతే.

తణుకుతోట: కలివి, వాక్కాయ ఒకే జాతి గానీ ఒకే చెట్టు కాదండీ. కలివి పండు చిన్నది, నల్లబడ్డాక తియ్యగా ఉంటుంది, పొద దగ్గరే నిలబడి తినేస్తాం. వాక్కాయ పెద్దది, పుల్లనిది, పప్పులోకి, పులిహోరలోకి పచ్చిగానే కోస్తాం. ఇంకో మాట. గుట్ట మీద మీకు కనిపించేది బతికి బట్టకట్టిన పొద. దాని పక్కనే మొలిచి మొదటి ఎండకే మాడిపోయిన మొలకలను ఎవరు చూశారు?

మెట్టరైతు: కాలువ పక్కన కూర్చుని మాకు తడుల లెక్క చెప్పొద్దు. మా జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేది 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా.

పచ్చడిపిన్ని: కోసేటప్పుడు కాడ దగ్గర పాలు కారి చేతులు జిగురు పడతాయి, ముందే కాస్త నూనె రాసుకోండి. ఆషాఢంలో మా ఇంట్లో వాక్కాయ పప్పు లేని వారం ఉండదు.

నల్లరేగడి: మాకు వానాకాలం నీళ్ళు నిలిచిన చోట వరసగా ఆకు పండి, వేరు కుళ్ళి పోయాయి. గట్టు మీద వేసినవి బాగున్నాయి. పెట్టే నీళ్ళ కన్నా నిలిచే నీళ్ళే దీనికి ప్రమాదం. నా గోడు వేరే ఉంది. పంత్ సుదర్శన్ రకం అని చెప్పి నర్సరీలో గింజ మొక్కలు అంటగట్టారు. తెల్లటి కాయ మీద గులాబీ చాయ రావాలి. మూడేళ్ళు సాకితే వచ్చింది మామూలు ఎర్రకాయ.

మొక్కలపిచ్చి: రాజు గారూ, కంచె ఎప్పుడెప్పుడు కత్తిరిస్తున్నారు?

ఎర్రనేల_రాజు: సంక్రాంతి అయ్యాక ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. కంచె కదా, నీటుగా ఉండాలని.

మొక్కలపిచ్చి: పూత కొమ్మ చివరే గుత్తిగా వస్తుంది, అదీ చాలాచోట్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ముందు చిగురు కోశారు, తర్వాత పిందె కోశారు. ఇక కాయ ఎక్కడిది? కోత అయిపోయాక సెప్టెంబరులో ఒక్కసారే పైపైన కత్తిరించండి.

మెట్టరైతు: అదీ సంగతి! నీళ్ళకూ కాయకూ సంబంధం లేదని మొదటి నుంచీ చెప్తున్నా.

తణుకుతోట: కత్తిరింపు మాట ఒప్పుకుంటాను. పిందె మీద తడి లేకపోతే కాయ గోళీ అంతే ఉండిపోతుంది. ఇదీ నిజమే. మీరు ఒక్కదాన్నే పట్టుకుని వేలాడుతున్నారు.

మెట్టరైతు: ఎందుకు వేలాడుతున్నానో వినండి. డ్రిప్ వేస్తే చీనీ తోట బంగారం అన్నారు మా నాన్నతో. బోరు మీద బోరు వేశాడు, అన్నీ ఎండాయి. తోట కొట్టేసి కట్టెలకు అమ్మాం, అప్పు మాత్రం ఉంది. మా నేలలో నీళ్ళు అడగకుండా బతికే చెట్టు ఇది. దానికీ పైపు తగిలిస్తానంటే నా కడుపు మండుతుంది.

తణుకుతోట: మీ నాన్నగారి కష్టం నాకు అర్థమవుతుంది. మాదీ సొంత భూమి కాదు, కౌలు. గట్టు మీద కాసిన వాక్కాయ అమ్మే మా అమ్మ మా ఫీజులు కట్టింది. బేకరీల్లో కేకు మీద చెర్రీ అని పెట్టేది చాలావరకు పాకం పట్టి రంగేసిన వాక్కాయే. ఆ డబ్బు రైతుకు ఎందుకు రాకూడదు? పంటగా పెంచితే తప్పేంటి?

మెట్టరైతు: పంటయితే ధర వస్తుంది. ధర వస్తే గుట్ట మీద పొద మిగలదు.

తణుకుతోట: పొలంలో కాస్తేనే మిగులుతుంది. సరుకు కిందే దొరుకుతుంటే వ్యాపారి గుట్టెక్కడు.

గుట్టకింద: మిగలడం దాకా ఎందుకు, ఇప్పటికే పోతున్నాయి. మా గుట్ట మీద కలివి పొదలను గడ్డపారలతో పెకలించి కంచెలకని ట్రాక్టర్లలో తీసుకెళ్ళారు. దాని వేరు లోతుగా పోతుంది, తెగితే ఇంకో చోట నాటినా బతకదు. తీసుకెళ్ళినవి చాలావరకు ఎండిపోయాయి, ఇక్కడ గుంటలు మిగిలాయి. మా ఆడవాళ్ళు వేసవి చివర ఆ పండ్లు బుట్టలో పెట్టుకుని బస్టాండు దగ్గర గ్లాసుతో కొలిచి అమ్మేవాళ్ళు. కంచె కావాలంటే గింజ వేసుకోండి. పండు పిసికి గింజ తీసి, కడిగి, నీడలో ఆరబెట్టి వెంటనే వేయాలి. దాచిపెడితే మొలకశక్తి పోతుంది. ఆ మాత్రం ఓపిక లేనివాళ్ళే గుట్ట తవ్వుతారు.

మెట్టరైతు: అక్కా, నేను చెప్పేదీ అదే.

గుట్టకింద: అదే కాదన్నా. మీరు గుట్టను ముట్టొద్దంటారు, ఆయన పొలంలో పెంచుదామంటారు. ఏరుకుని తినేవాళ్ళ మాట ఇద్దరూ ఎత్తలేదు. రాజు గారూ, మీ పొలం దాటితే గుట్ట ఉందా?

ఎర్రనేల_రాజు: ఉంది. తూర్పు గట్టు వెంట మేకలవాళ్ళ దారి ఉండేది. ఇప్పుడు కంచె కమ్మేసింది. చెరువు చుట్టూ తిరిగి పోతున్నారు.

గుట్టకింద: అక్కడ రెండు పొదలు తీసేసి తడిక పెట్టండి.

తణుకుతోట: దారి సంగతి వేరే చర్చ. ఆయన అడిగింది కాయ గురించి.

గుట్టకింద: నాకు వేరే కాదు.

ఎర్రనేల_రాజు: తడిక అంటే రోజూ ఎవరో ఒకరు వేయాలి, తీయాలి. మరిచిపోతే పైరు పోతుంది. మా అన్నతో మాట్లాడాలి, ఆ గట్టు ఇద్దరిదీ. కత్తిరింపు మాత్రం సెప్టెంబరుకు మారుస్తాను.