62 ఏళ్ళకి నా గౌను నేనే కుట్టుకుంటున్నా. ముందు అంచు రెండంగుళాలు పైకి లేస్తోంది, ఎందుకు?

తెనాలి లెక్కల టీచరు:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బడికి చీర, ఇంట్లో నైటీ. ఈ రెండిటికీ మధ్య నాకు పనికొచ్చే బట్ట ఇంకోటి ఉంటుందని తట్టలేదు. పోయినేడాది కుడి మోకాలి ఆపరేషన్ అయ్యాక మెట్లు దిగుతుంటే కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడుతున్నాయి. ఒకసారి తూలి రెయిలింగు పట్టుకున్నాను. ఆ రోజు నుంచీ మా అమ్మాయి "చీర మానెయ్యమ్మా" అని ఒకటే పోరు. రెడీమేడ్ పొడుగు కుర్తా ఒకటి తనే కొని పంపింది, డబుల్ ఎక్సెల్. పొట్ట దగ్గర సరిపోయింది కానీ భుజాలు జారి రెట్టల మీదకొచ్చాయి. అద్దంలో చూసుకుంటే దండెం మీద ఆరేసిన దుప్పటిలా ఉన్నాను.

టైలరు దగ్గరికి వెళ్ళాను. "ఆది ఇవ్వండమ్మా" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. నా ఆది జాకెట్టు మా అమ్మాయి పుట్టకముందుది! దాన్ని చూసి ఇంకోటి, దాన్ని చూసి మరోటి. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి టైలరూ పక్క కుట్లు వదులు చేసుకుంటూ పోయాడే తప్ప టేపు పట్టి నన్ను కొలిచినవాడు లేడు. లెక్క మొదటి మెట్టులో తప్పితే ఆఖరి మెట్టు దిద్ది ఏం లాభం?

అందుకని అత్తగారి కాలు మిషన్ దుమ్ము దులిపాను. పెళ్ళయిన కొత్తలో దాని మీద పిల్లల గౌన్లు, లంగాలు కుట్టినదాన్నే. బెల్టు మార్చాం, నూనె వేశాం, పరుగెడుతోంది. కొలతలు మావారు తీశారు. ఛాతీ 107 అని రాసేసరికి గుండె ఆగినంత పనైంది. టేపు తిరగేసి సెంటీమీటర్ల వైపు చదివారు మహానుభావుడు. అంగుళాల్లో ఇవి: ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, ఛాతీ 42, చంకల కింద ఛాతీ పైభాగం 39, నడుం 41, సీటు 44. ఎడమ భుజం అరంగుళం కిందికి ఉంది. వీపు పైభాగం కాస్త గుండ్రంగా వంగింది.

నాకు కావలసింది చీలమండ దాకా వచ్చే గౌను, మోచేతి చేతులు. దాచిపెట్టిన మంగళగిరి కాటన్ ఉంది, ముదురాకుపచ్చ, నిజాం బోర్డరు, నాలుగు మీటర్లు. దాని మీద కత్తెర పెట్టే ధైర్యం లేక ముందు మావారి పాత పంచెల మీద రెండు ట్రయల్స్ కుట్టాను.

మొదటిది: పొట్ట కనపడకూడదని ఛాతీ కింద కుట్టు వేసి కుచ్చులు పెట్టాను. తొడుక్కుని హాల్లోకి రాగానే మావారు పేపర్లోంచి తలెత్తి "ఎన్నో నెల?" అన్నారు. అది ఇప్పుడు వంటింట్లో మసిగుడ్డ.

రెండోది: కుచ్చుల్లేకుండా భుజం నుంచి కిందిదాకా ఒకే ముక్క, కింద కొంచెం ఘేర, అంటే వెడల్పు. ఇదే నాకు నచ్చింది. కానీ వెనకా ముందూ 48 అంగుళాలు సరిసమానంగా కత్తిరించినా, తొడుక్కుంటే ముందు అంచు మధ్యలో రెండంగుళాలు పైకి లేస్తోంది. మెడ ముందు భాగం కుత్తుకకి ఒత్తుకుంటోంది, నడుస్తుంటే గౌను మొత్తం వెనక్కి జరుగుతోంది. చెయ్యెత్తితే అంతా పైకొస్తోంది. చంక బిగుతేమో అని ఇంకో అంగుళం కిందికి కోశాను, ఇంకా ఎక్కువైంది! ఇది నాకు అర్థం కాని లెక్క.

రెండంగుళాలూ ముందు భాగం పొడుగు పెంచితే సరిపోతుందా? పెంచితే ఎక్కడ పెంచాలి?

—

గుంటూరు మాస్టర్:

టీచరమ్మా నమస్కారం. నేను 40 ఏళ్ళుగా లేడీస్ కటింగ్ చేస్తున్నా. ముందు చంక సంగతి. అందరూ చేసే పొరపాటే. చంక గుంట ఎంత లోతుగా కోస్తే చెయ్యెత్తినప్పుడు పక్క బట్ట అంత పైకి లేస్తుంది, ఎందుకంటే చెయ్యి, పక్క కుట్టు కలిసే చోటు నడుం దగ్గరికి దిగిపోయింది కదా. చంక పైకి ఉంటేనే చెయ్యి ఆడుతుంది. బట్ట గుంట మీ చంక నుంచి ఒక అంగుళం కిందకి ఉంటే చాలు. బిగుతుగా ఉంటే లోతు పెంచొద్దు, చేతి రెట్ట దగ్గర వెడల్పు పెంచండి.

రెండోది, మీరు ఛాతీ 42 పెట్టుకుని కాగితం మీద డ్రాఫ్ట్ గీసుంటారు. అందుకే భుజాలు జారతాయి. వయసుతో పొట్ట, ఛాతీ పెరుగుతాయి గానీ భుజం ఎముక పెరగదు. ఛాతీ పైభాగం కొలత 39కి గీయండి, భుజం, మెడ, చంక అన్నీ దాని లెక్కనే. తర్వాత ఛాతీ దగ్గర, పొట్ట దగ్గర మాత్రం కావలసినంత కలపండి.

ముందు అంచు సంగతి మా ఆవిడ చెప్తుందట, ఆమె చేతికిస్తున్నా.

అమ్మా, నేను మాస్టర్ గారి భార్యని. కొట్లో ట్రయల్స్ చూసేది నేనే. మీ గౌను ముందు పొట్టి కాలేదు, వెనక పొట్టి అయింది. వీపు వంగినప్పుడు మెడ ఎముక నుంచి నడుందాకా దూరం పెరుగుతుంది. అక్కడ బట్ట చాలక ముందు నుంచి లాక్కుంటుంది. అందుకే కుత్తుక ఒత్తుకోడం, వెనక్కి జరగడం. ముందు వీపు సరిచేసి, అప్పుడు చూడండి ముందు ఎంత లేస్తోందో. ఇప్పుడే రెండంగుళాలు పెంచేస్తే ముందు వేలాడుతుంది.

—

తెనాలి లెక్కల టీచరు:

మాస్టర్ గారూ, అమ్మా, ఇద్దరికీ దణ్ణం. చంక మాట చదివి లేచి అద్దం ముందు నిలబడి చేతులు ఎత్తీ దించీ చూశాను. నిజమే. వీపు సరిచేయడం ఎలాగో కాస్త వివరంగా చెప్తారా? పేపరు డ్రాఫ్టు ఉంది నా దగ్గర, డైనింగ్ టేబుల్ మీద పరిచే ఉంది. భోజనాలు నాలుగు రోజులుగా ఒళ్ళోనే.

—

ఒక అన్నయ్య:

ఇంత అవస్థ ఎందుకండీ, ఆన్‌లైన్లో 600కి మ్యాక్సీలు బోలెడు. సైజు నప్పకపోతే వెనక్కి పంపెయ్యొచ్చు.

—

తెనాలి లెక్కల టీచరు:

మూడు తెప్పించాను నాయనా. మూడూ వెనక్కే వెళ్ళాయి. ఇక నేనే మిగిలాను.

—

రాజమండ్రి పిన్ని:

అక్కా, నాకు 58. రెండేళ్ళుగా నావి నేనే కుట్టుకుంటున్నాను, నా వీపూ మీలాంటిదే. నేను చేసేది చెప్తాను.

వెనక భాగం పేపరు మీద మెడ మధ్య నుంచి నాలుగంగుళాలు కిందికి కొలిచి, అక్కడి నుంచి చంక వైపు అడ్డంగా గీత గీయండి. ఆ గీత మీద మధ్య నుంచి చంక అంచు దాకా కత్తిరించండి, కానీ చంక దగ్గర ఒక దారప్పోగంత అంటిపెట్టి ఉంచండి. ఇప్పుడు మధ్యలో తలుపు తీసినట్టు ముప్పావు నుంచి అంగుళం దాకా తెరిచి, కింద కాగితం పెట్టి అతికించండి. ఇలా చేస్తే వీపు మధ్య గీత తిన్నగా ఉండదు, విల్లులా వంగుతుంది. అందుకని వెనక భాగాన్ని మడత మీద కాకుండా రెండు ముక్కలుగా కత్తిరించి, మధ్యలో ఆ వంపు మీదే కుట్టు వేయాలి. ఈ కుట్టు చూసి భయపడకండి. నడుం వెనక గుంటలో కాస్త లోపలికి పట్టుకోవచ్చు కూడా, వీపు తీరుగా కనిపిస్తుంది.

పొట్టకి కూడా ఇలాగే. ముందు భాగం మీద నడుం గీత దగ్గర మధ్య నుంచి పక్క కుట్టు దాకా కోసి, మధ్యలో కావలసినంత తెరవండి, పక్కన సున్నా. పొడుగంతా కింద కలిపితే అంచు వంకర పోతుంది, ఇక్కడ కలిపితే పొట్ట మీద కూర్చుంటుంది.

ఛాతీ డాట్ (బట్ట ఛాతీ మీద కుదిరేలా పట్టే మొనదేలిన మడత కుట్టు) సంగతి ఎవరూ చెప్పలేదు. మెడ పక్కన భుజం నుంచి ఛాతీ మొన దాకా ఇప్పుడు కొలవండి, మీరు రోజూ వేసుకునే లోదుస్తులతోనే. నాది పెళ్ళినాడు తొమ్మిదిన్నర, ఇప్పుడు పదకొండు. డాట్ పాత చోటే ఉంటే పైన ఉబ్బి, కింద వేలాడి, లేని వయసు కూడా కనిపిస్తుంది. డాట్ మొన ఛాతీ మొనకి అంగుళంన్నర ముందే ఆపండి.

ఎడమ భుజానికి జాకెట్లలో వేసే పల్చటి ప్యాడ్ ఒకటి, ఆ ఒక్క వైపే. రెండు భుజాలకీ వేరే వేరే డ్రాఫ్టులు గీసే ఓపిక నాకైతే లేదు.

—

గుంటూరు మాస్టర్:

పిన్ని గారు చెప్పింది కరెక్ట్. నన్నడిగితే ప్రిన్సెస్ కట్ (డాట్ బదులు ఛాతీ మీదుగా కిందికి నిలువు కుట్లు) ఇంకా బాగుంటుంది, ఛాతీ, పొట్ట రెండూ ఆ నిలువు కుట్లలోనే సర్దుకోవచ్చు.

—

రాజమండ్రి పిన్ని:

మాస్టర్ గారూ, ప్రిన్సెస్ కట్ మీ చేతికి బాగుంటుంది. మొదటిసారి కుట్టేవాళ్ళకి ఆ వంపు కుట్లు ముడతలు పడతాయి. మొదటి దానికి డాటే మేలు.

అక్కా, బోర్డరు ఎక్కడ వేస్తున్నారు? కింద ఘేర అంచు గుండ్రంగా ఉంటుంది, బోర్డరేమో తిన్నటిది, దాని మీద కూర్చోదు. పైగా మన ఎత్తుకి కింద అడ్డంగా జరీ గీత పడితే ఇంకా పొట్టిగా కనిపిస్తాం. ముందు మెడ నుంచి నిలువుగా, గుండీల పట్టీగా వేయండి. వెనక జిప్పు మాత్రం వద్దు, ఈ వయసులో చేతులు వీపు మీదకి పోవు.

బట్ట తడిపారా? ముదురాకుపచ్చ కదా, రాత్రంతా ఉప్పు నీళ్ళలో నానబెట్టి, రంగు దిగడం ఆగేదాకా జాడించి, నీడలో ఆరేసి అప్పుడు కత్తిరించండి. గంజి పోయి, కుదించుకుపోయేదంతా ముందే పోతుంది.

—

డాలస్ నుంచి మేనకోడలు:

టీచర్ గారూ, ఇక్కడ రెడీమేడ్ కుట్టు నమూనాలు కవర్లలో దొరుకుతాయి. మా అత్తయ్య వాటితో కుడతారు. ఆవిడ చెప్పే చిట్కా ఒక్కటే, ట్రయల్ తొడుక్కుని నిలబడి మాత్రమే చూడకండి, కుర్చీలో కూర్చోండి. సీటు, పొట్ట రెండూ కూర్చున్నప్పుడే బట్టని లాగుతాయి. కొలతకి నాలుగంగుళాల వదులు ఉంచమంటారు. ఆరు దాటితే సంచే. ఇంకోటి, పక్కన జేబు పెట్టుకోండి ప్లీజ్.

—

తెనాలి లెక్కల టీచరు (మూడు వారాల తర్వాత):

అందరికీ రిపోర్టు.

39కి కొత్త డ్రాఫ్టు గీసి, మూడో పంచె బలి ఇచ్చాను (మావారికి ఇంక రెండే మిగిలాయి, బీరువా తాళం ఆయనే దాచుకుంటున్నారు). ముందు వీపు ఒక్కటే మార్చాను, అంగుళం తెరిచి. మిగతావి ముట్టుకోలేదు, ఒకేసారి రెండు మారిస్తే దేనివల్ల ఏమైందో తెలీదు కదా. కచ్చాకుట్టు వేసి తొడుక్కుంటే ముందు అంచు లేవడం రెండు నుంచి ఒకటింబావుకి దిగింది, కుత్తుక ఒత్తుకోడం పోయింది. మాస్టర్ గారి ఇంటావిడ చెప్పినట్టు కొంత దోషం వీపుదే. తర్వాత ఛాతీ డాట్ అంగుళంన్నర కిందికి దించి, పొట్ట దగ్గర అంగుళంబావు తెరిచాను. అంచు నేలకి సమంగా వచ్చింది. మావారు స్కేలు పట్టుకుని నేల మీద కూర్చుని చుట్టూ కొలిచారు, ఈసారి అంగుళాల్లోనే.

మంగళగిరి బట్ట ఉప్పు నీళ్ళలో వేస్తే బకెట్టంతా గోంగూర పులుసు రంగు. మూడుసార్లు జాడించాను. ఆరాక కొలిస్తే నాలుగు మీటర్లలో దాదాపు నాలుగంగుళాలు మాయం. తడపకుండా కుట్టుంటే అదంతా నా మడమల దగ్గర తెలిసేది.

కత్తిరించేటప్పుడు ఒక ఘనకార్యం చేశాను. రెండు చేతులూ ఒకే చేతికి కోశాను! ముందు వంపు, వెనక వంపు తేడా చూసుకోకుండా రెండూ ఎడమవే. బట్ట మిగల్లేదు. అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఈ నేతకి తిరగా బోర్లా లేదు. ఒకదాన్ని తిప్పేస్తే అది కుడి చెయ్యే! బోర్డరు జరీ వెనక వైపు ఒక పిసరు తక్కువ మెరుస్తుందేమో, చెప్తే తప్ప ఎవరూ పోల్చలేదు.

భుజం ప్యాడు కుట్టాను, ఎడమ వైపు. కూర్చుని చూశాను, మెట్లు దిగి చూశాను, వంగి పూలు కోసి చూశాను. జేబు కుడి పక్కన ఉంది, అందులో ఫోనూ, తాళాలూ, ఒక రుమాలూ. ఇన్నేళ్ళూ తాళంచెవులు బొడ్లో దోపుకుని తిరిగినదాన్ని, రోజుకి పదిసార్లు ఊరికే జేబులో చెయ్యి పెడుతున్నాను.

నిన్న అది వేసుకుని బ్యాంకుకి వెళ్ళాను. పాత స్టూడెంటు ఒకడు కౌంటర్లో ఉన్నాడు. "టీచర్, సన్నబడ్డారా?" అన్నాడు. కేజీ కూడా తగ్గలేదు. చెప్పలేదు వాడికి.

ఇప్పుడు ముందు పట్టీకి తొమ్మిది గుండీలు. ప్రస్తుతానికి పిన్నీసులతో నడుస్తోంది. నా కాలు మిషన్లో కాజాలు పడవు, చేత్తో కుడితే నాలుగోది వచ్చేసరికి కళ్ళు మసకబారుతున్నాయి. మాస్టర్ గారూ, బజార్లో ఇచ్చి వేయించుకోవచ్చా, లేక జరీ మీద మిషన్ కాజా పోగులు లాగేస్తుందా?

—

గుంటూరు మాస్టర్:

జరీ మీద మిషన్ కాజా వద్దమ్మా, పోగులు లేస్తాయి. కాజాలు మానేసి లోపల టిచ్ బటన్లు కుట్టుకోండి, పైన గుండీలు ఊరికే అందానికి. తీసి పెట్టుకోడం కూడా సుళువు. పట్టీ కింద బక్రం (గట్టి గుడ్డ) వేశారు కదా?

—

తెనాలి లెక్కల టీచరు:

వెయ్యలేదు! విప్పుతున్నా.