విజయనగరం పాట: రక్తంలో ఉందా, బడిలో ఉందా?

గంటస్తంభం:
సుశీలమ్మ ఇక్కడే పుట్టారు. ఘంటసాల ఇక్కడే నేర్చుకున్నారు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కమాను మోగింది ఇక్కడే. సాలూరు పక్క నుంచి సంగీత దర్శకులు రాజేశ్వరరావు గారు. ఇన్ని పేర్లు చూశాక కూడా పాట మా రక్తంలోనే ఉందంటే కాదంటారేం?

కోటవీధి మనవడు:
గంటస్తంభం గారూ, ఊరి మీద మీకున్న ప్రేమ నాకూ ఉంది. రక్తం అంటే మాత్రం ఒప్పుకోను. ఘంటసాల పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. ద్వారం వారు బెంగళూరులో పుట్టారు. ఇద్దరూ బయటి నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లే.

విజయనగరం సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు. ఆ పిల్లాడికి సంగీతం చెప్పించడానికి ఒక మేష్టారిని పెడితే సరిపోయేది. మహారాజా విజయరామ గజపతిరాజు గారు 1919లో ఏకంగా సంగీతం బడే పెట్టారు. హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్. 26 ఏళ్ల ద్వారం వారు వయొలిన్ ఆచార్యులు.

మరి వచ్చిన పిల్లల ఆకలి సంగతి? ఘంటసాల జోలె కట్టుకుని మధూకరం ఎత్తి, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా తీసుకోకుండా చెప్పారు. మా ఇంట్లో గురువారం ఒక మృదంగం అబ్బాయికి వారం, అంటే వారానికి ఆ ఒక్కరోజు భోజనం మా ఇంట్లోనే. మామ్మ పప్పు తెచ్చేలోపు విస్తరి పక్కన అతని వేళ్లు తాళం వేస్తూనే ఉండేవి. ఆ చప్పుడు వినపడకపోతే "ఏరా, ఒంట్లో బాగోలేదా?" అని వంటింట్లోంచే అడిగేది.

వీణాభిమాని:
పోషణ పిఠాపురంలోనూ ఉంది కదండీ. సంగమేశ్వరశాస్త్రి గారంతటి వైణికులు అక్కడి ఆస్థానంలో ఉన్నారు. ఇంతమంది పేర్లు అక్కడ వినపడవేం? నన్నడిగితే అంతా మద్రాసు చలవ. సినిమా, రేడియో లేకపోతే సుశీలమ్మ గొంతు మనదాకా వచ్చేదా?

కోటవీధి మనవడు:
ఆస్థాన విద్వాంసుల దగ్గరికి వెళ్లాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. బడిలో ముక్కూ మొహం తెలియని కుర్రాడు కూడా వచ్చి కూర్చోవచ్చు. తేడా అక్కడే ఉంది. మద్రాసు పేరు తెచ్చింది, కాదనను. సరళీ స్వరాలు దిద్దించింది మాత్రం ఈ ఊరే.

గంటస్తంభం:
సుశీలమ్మ సంగతిలో నా మాట నాదే. కానీ మీ మామ్మ గారి గురువారం చదివాక నిద్ర పట్టలేదు. మా వీధిలో వయొలిన్ నేర్చుకునే అమ్మాయి గది కోసం తిరిగింది. పొద్దున్న ఐదింటికి సాధకం చేస్తుందని తెలిసి మూడు ఇళ్లవాళ్లు కుదరదన్నారు. అందులో ఒకటి మా ఇల్లే.