కక్కయ్య కత్తికి దొరకని యాభై అక్షరాలు

ప్రశ్న: వీరబ్రహ్మంగారి కథలో కక్కయ్య ఘట్టం అందరికీ తెలిసిందే. స్వామి శిష్యుడు సిద్ధయ్యకు షట్చక్రాల గురించి, అంటే ఒంట్లో వెన్ను వెంట ఉంటాయని యోగులు చెప్పే ఆరు చక్రాల గురించి బోధిస్తుంటే కక్కయ్య చాటుగా విన్నాడు. ఇంటికి పోయి, నిద్రపోతున్న పెళ్ళాం ఒళ్ళు కోసి ఆ చక్రాల కోసం వెతికాడు. ఏమీ కనపడలేదు. తర్వాత స్వామి ఆమెను బతికించారంటారు. ఇంతకీ ఇక్కడ ‘చక్రం’ అంటే ఏమిటి? పద్మం అని కూడా ఎందుకంటారు?

జవాబు: మంచి ప్రశ్న అండీ. చక్రం అంటే గుండ్రటిది. దాని చుట్టూ రేకులు చెప్పారు కాబట్టి పద్మం కూడా అయింది. అంతవరకు తేలికే. అసలు సంగతి ఆ రేకుల లెక్కలో ఉంది. బెంగాలులో పూర్ణానందుడనే తాంత్రికుడు 1577లో రాసిన షట్చక్రనిరూపణం ప్రకారం మూలాధారానికి 4 రేకులు, స్వాధిష్ఠానానికి 6, మణిపూరానికి 10, అనాహతానికి 12, విశుద్ధానికి 16, ఆజ్ఞకు 2. కూడితే 50. ఈ యాభై ఎక్కడివో వేరే చెప్పాలా? వర్ణమాల!

గొంతు దగ్గరి విశుద్ధంలో అ నుంచి అః వరకు పదహారు అచ్చులు. గుండె దగ్గర క నుంచి ఠ వరకు. బొడ్డు దగ్గర డ నుంచి ఫ. దాని కింద బ నుంచి ల. అట్టడుగున వ, శ, ష, స. మిగిలిన హ, క్ష మాత్రం ఎగిరి కనుబొమల మధ్యకు చేరాయి. సాధకుడు కుండలినిని, అంటే మూలాధారంలో నిద్రపోతుందని చెప్పే శక్తిని, అడుగు నుంచి పైకి లేపుతాడు కదా, అంటే అక్షరమాలను దాదాపు వెనక నుంచి చదువుకుంటూ పోతాడన్నమాట.

ఇవి ఒంట్లోకి ఎలా వచ్చాయంటే, సాధకుడే పెట్టుకుంటాడు. ఆ పనికి అంతర్మాతృకా న్యాసం అని పేరు. న్యాసం అంటేనే ఉంచడం. గురువు దగ్గర దీక్ష తీసుకున్నవాడు ఒక్కో అక్షరాన్నీ ఒక్కో రేకు మీద మనసుతో నిలుపుతాడు. పూర్ణానందుడు కూడా మూలాధారాన్ని ధ్యానించినవాడు వాక్కుకు అధిపతి అవుతాడనే అన్నాడు, కోసి చూసినవాడు అనలేదు! పాపం కక్కయ్య విన్నది సగమే. చక్రాల పేర్లు చెవిన పడ్డాయి, న్యాసం పడలేదు.

వ్యాఖ్య: మరి ఆర్యసమాజం పెట్టిన దయానంద సరస్వతి? ఆయన దీక్ష లేనివాడు కాదు కదా. గంగలో కొట్టుకొచ్చిన శవాన్ని ఒడ్డుకు లాగి, కోసి, హఠయోగ గ్రంథాల్లోని వర్ణనతో పోల్చి చూశానని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఏదీ సరిపోకపోతే పుస్తకాలు చింపి, శవంతోపాటే నదిలో పడేశాడట.

జవాబు: అవును, ఆ కోపం న్యాయమే. శరీరంలో ఫలానా చోట ఫలానా రంగులో ఉంటుందని వర్ణించే పుస్తకాన్ని శరీరంతో పోల్చి చూడటంలో తప్పేముంది? కానీ చక్రాలన్నీ కండలో కనపడే వస్తువులే అయితే గ్రంథానికో లెక్క ఉండకూడదు. నాథయోగి గోరక్షనాథుడి పేరుతో ఉన్న సిద్ధసిద్ధాంతపద్ధతిలో తొమ్మిది చక్రాలున్నాయి. ఎవరి సాధన క్రమాన్ని బట్టి వారి పటం. నా మటుకు నాకు అది శరీర నిర్మాణ శాస్త్రం కన్నా అక్షరాల పూజకే దగ్గరగా కనిపిస్తుంది.

వ్యాఖ్య: చిన్న సందేహం. పదహారు అచ్చుల్లో మన హ్రస్వ ఎ, ఒ ఉన్నాయా?

జవాబు: లేవండీ. ఆ లెక్క సంస్కృతానిది. అందులో ఏ, ఓ దీర్ఘాలే. బళ్ళో మనం ఎప్పుడో వదిలేసిన ఌ, ౡ మాత్రం అక్కడ దర్జాగా రెండు రేకులు పట్టుకుని కూర్చున్నాయి. ఱ కూడా లేదు. బ్రహ్మంగారు సిద్ధయ్యకు చెప్పింది తెలుగులోనే అయినా, అక్షరాలు లెక్కపెట్టాల్సి వస్తే ఈ యాభైనే లెక్కపెట్టి ఉంటారు.