ప్రార్థన కూడికలో "భయంగా ఉంది" అనడం అవిశ్వాసమా?

పక్క బెంచీ:
అందరికీ వందనాలు. వచ్చే మంగళవారం మా అమ్మకి గర్భసంచి ఆపరేషన్. మొన్న స్త్రీల కూడికలో ప్రార్థన అంశాలు అడిగితే, "భయంగా ఉంది, దేవుడు వింటున్నాడో లేదో తెలియట్లేదు" అంది. ఒక పెద్దావిడ వెంటనే "అట్లా నోటితో అనకూడదు, సాతానుకి చోటిచ్చినట్టే" అన్నారు. అప్పట్నుంచి అమ్మ మా దగ్గర కూడా ఆ మాటెత్తడం లేదు. రాత్రి రెండింటికి లేచి వంటింట్లో లైటేసుకుని కూర్చుంటోంది. ఆవిడ అన్నది వాక్యమేనా?

గోధుమ గింజ:
కటువుగా అన్నారేమో గానీ తప్పు కాదండీ. సందేహించేవాడు గాలికి కొట్టుకునే అలలాంటివాడని యాకోబు 1:6లో ఉంది. మొన్నే బాప్తిస్మం తీసుకున్నవాళ్లు పక్కనే ఉంటారు, వాళ్లేమైపోవాలి?

రిటైర్డ్ సండే స్కూల్ టీచర్:
తమ్ముడూ, దానికి ముందు వచనం వదిలేశావు. అడిగినవాళ్లని గద్దించకుండా ఇచ్చే దేవుడని 1:5 చెబుతోంది. ఆయనే గద్దించనప్పుడు మనకెందుకమ్మా ఆ పని? మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బుపడ్డ కొడుకుని తెచ్చిన తండ్రి నమ్ముతున్నానంటూనే, నా అపనమ్మకానికి సాయం చెయ్యమని అరిచాడు. "ముందు నమ్మకం సరిచేసుకుని రా" అని యేసు అతన్ని వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు.

గోధుమ గింజ:
ఆయన యేసుతో చెప్పుకున్నాడు, సంఘంలో కాదు కదా.

రిటైర్డ్ సండే స్కూల్ టీచర్:
చుట్టూ జనమే. ఇంకా గుంపు పరుగెత్తుకొస్తోందని అదే అధ్యాయం 25వ వచనంలో ఉంది, చూడు. ఇంకో సంగతి, 88వ కీర్తన ఆఖరి వరకూ చీకటే. చివర్లో ఒక్క స్తుతి మాట కూడా లేదు. అయినా బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. మన కూడికల్లో మాత్రం దాన్ని చదవగా నేనెప్పుడూ వినలేదు.

నైట్ డ్యూటీ:
నేను నర్సుని. వాక్యం మీరు చూసుకోండి, నేను నా పని చెబుతాను. "దేవుడున్నాడు, నాకేం భయం లేదు" అనేవాళ్లు కొందరు డాక్టర్ని అడగాల్సింది కూడా అడగరు. అమ్మగారికి దేనికి భయమో విడిగా అడగండి. మత్తుకైతే, ఆ డాక్టరు ముందే చూడ్డానికి వస్తారు, అప్పుడు అడిగించండి. బీపీ మాత్ర గానీ విశ్వాసం పేరుతో ఆపేశారా, అదీ కనుక్కోండి.

గోధుమ గింజ:
మాత్రలు ఆపమని నేనెక్కడా అనలేదు. అంతమందిలో కాకుండా నమ్మకమైన ఇద్దరి దగ్గర చెప్పుకోమంటాను, అంతే.

పక్క బెంచీ:
నిన్న రాత్రి నేనూ వంటింట్లోకెళ్లి పక్కన కూర్చున్నాను. మాత్రలు వేసుకుంటోంది. మత్తులోంచి లేవనేమోనని ఒక భయమట. రెండోది నేను ఊహించలేదు. తాతయ్య ఆపరేషన్‌కి అమ్మ మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించిందట, ఆయన బతకలేదు. ఆ మాట ఇన్నేళ్లుగా ఎవరితోనూ అనలేదు. 88వ కీర్తన చదివి వినిపించాను. అయిపోయాక కళ్లజోడు తెమ్మంది, తనే మళ్లీ మొదట్నుంచి చదువుకుంది.