బతుకమ్మ హాల్: గోడ కింది చెక్కకు ఈసారి ఏ రంగు, ఎప్పుడు?

హాల్ సెటప్ చూసే నేను, ప్రస్తుతం హనుమకొండ నుంచి:
అందరికీ నమస్తే. చెల్లె పెండ్లికి ఇంటికి రంగులు వేయిస్తున్నాం, పొద్దంతా పెయింటర్ పక్కన నిలబడి అమెరికాలో మన హాల్ సంగతే ఆలోచిస్తున్నా. నిరుడు సద్దుల బతుకమ్మ అయ్యాక గోడ కింద చుట్టూ ఉండే తెల్ల చెక్కపట్టీ, అదే బేస్‌బోర్డ్, ఎట్లా అయిందో ఫొటోలు చూశారు కదా. కుర్చీ కాళ్ల నల్ల గీతలు, తాంబాళాలు ఆనించిన చోట గీరుకుపోయింది, గౌరమ్మను చేసిన మూలలో ఇంకా పసుపుపచ్చగానే ఉంది. డిపాజిట్‌లో కోత కూడా పడింది.

మన ఊళ్లో ఈ బాధే ఉండదు, తాండూరు బండో టైలో స్కర్టింగ్ వేస్తారు, తడిబట్టతో తుడిస్తే అయిపోతుంది. అందుకే ఎవరికీ తట్టలేదు, గోడకు మిగిలిన ఫ్లాట్ పెయింటే, అంటే మెరుపు లేని రంగే, దానికీ పూసేశాం. ఫ్లాట్ రంగు మరకను పీల్చుకుంటుంది, గట్టిగా రుద్దితే రంగే లేస్తుంది. ఈసారి సెమీ గ్లాస్‌లో, అంటే కొంచెం మెరిసే రకంలో, వాటర్‌బోర్న్ ఆల్కిడ్ ఎనామిల్ (నీళ్లతో పలుచన చేసే ఎనామిల్) తీసుకుందాం అంటున్నా. బ్రష్ నీళ్లతోనే కడుక్కోవచ్చు, పూర్తిగా ఆరాక మాత్రం ఆయిల్ ఎనామిల్ లెక్క గట్టిపడుతుంది.

వంట చూసే బాబాయ్:
ఇంత ఆలోచన ఎందుకు తమ్మీ, ఆయిల్ ఎనామిల్‌లో ఇంత టర్పెంటాయిల్ కలిపి కొడితే అయిపాయె. మా పరకాల ఇంటి తలుపులకు అదే, ఎన్నేండ్లయిందో.

నేను:
గట్టిదనంలో దానికి తిరుగులేదు బాబాయ్. కానీ వెలుతురు తగలని చోట తెల్ల ఆయిల్ పెయింట్ పచ్చబడుతుంది, మనది బేస్‌మెంట్. పైగా కిటికీలు లేని హాల్‌లో ఆ వాసన, మీరు పులిహోర కలుపుతుంటే టర్పెంటాయిల్ వాసన వస్తే ఎట్లా?

పూల పని చూసే వదిన:
మేము పూలు పేర్చడానికి ముందురోజు సాయంత్రమే వస్తాం. అప్పటికి ఆరుతుందా? నిరుడు కుర్చీ జరిపితే రంగు దాని వెంటే ఊడి వచ్చింది.

నేను:
ముట్టుకుంటే అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు వదినా. ఇట్లాంటి రంగులు అక్కడ రెండు కంపెనీలవి చూశా. బెంజమిన్ మూర్ అడ్వాన్స్ అయితే రెండో కోటుకు 16 గంటలు ఆగాలి, షెర్విన్ విలియమ్స్ ఎమరాల్డ్ యూరెథేన్ అయితే 4 గంటలు చాలు. ఒక్క శనివారంలో రెండు కోట్లు అయ్యేది రెండోదే, నా ఓటు దానికే. ఏది వేసినా లోపలిదాకా గట్టిపడటానికి దాదాపు నెల పడుతుంది. కాబట్టి ఎంగిలిపూల రోజుకు నాలుగు వారాల ముందే బ్రష్‌లు కడిగేసి ఉండాలి. నిరుడు మనం రెండు రోజుల ముందు వేసి, తెల్లారే కుర్చీలు ఆనించాం.

ఎంఎస్ చదివే తమ్ముడు:
అన్నా, నిరుటి రంగు మీదే నేరుగా వేసేయొచ్చా?

నేను:
వద్దు. దూదికి రబ్బింగ్ ఆల్కహాల్ అద్ది రుద్ది చూడు. రంగు దూదికి అంటితే లేటెక్స్, అంటే నీళ్లతో కలిపే మామూలు గోడ రంగు, అంటకపోతే ఆయిల్. పెచ్చు లేచిన చోట కింది పొర మీద కూడా రుద్దు. ఇంకోటి, 1978లో అక్కడ ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించారు, అంతకు ముందు కట్టిన బిల్డింగ్ అయితే పరీక్ష చేయించకుండా గీకొద్దు.

ఎంఎస్ చదివే తమ్ముడు, ఆదివారం:
లీజు కాగితాల్లో కట్టింది 1991 అని ఉంది. పై పొర దూదికి తెల్లగా అంటింది. కింది పొర అస్సలు రాలేదు.

నేను:
దొరికింది! పాత ఆయిల్ పెయింట్ నున్నగా ఉంటే, దాని మీద ఎమరీ కొట్టకుండా లేటెక్స్ పూశాం. ఫొటో చూపిస్తే ఇక్కడి పెయింటర్ అడిగింది కూడా అదొక్కటే, ఎమరీ కొట్టలేదా అని. సరే, లేచిన పెచ్చులన్నీ గీకి, 150 నంబర్ ఎమరీ కొట్టి, దుమ్ము తుడిచి, బాండింగ్ ప్రైమర్ (నున్నటి పాత రంగుకు కొత్త రంగు పట్టేలా ముందు వేసే పూత). పసుపు మరకల మీద మాత్రం మరకను ఆపే షెల్లాక్ (లక్క) ప్రైమర్, లేకపోతే పసుపు మళ్లీ పైకి తేలవచ్చు.

లెక్క కూడా వేశా. పట్టీ 180 అడుగులు, ఎత్తు ఐదున్నర అంగుళాలు, అంటే 83 చదరపు అడుగుల లోపే. రెండు కోట్లకు రెండు క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే గాలన్‌లో నాలుగో వంతు), తలుపుల చుట్టూ పట్టీలు కలిపితే ఇంకా కావాలి, ఒక గాలన్ డబ్బానే తెద్దాం. రెండున్నర అంగుళాల ఏటవాలు బ్రష్‌లు నాలుగు. గోడకు రంగు అంటకుండా అంచున అంటించే టేపును రంగు పచ్చిగా ఉన్నప్పుడే లాగేయండి, ఎండాక లాగితే అంచు చిరుగుతుంది.

వదినా, గునుగు పూలకు రంగులద్దే బకెట్లు ఈసారి గ్యారేజ్‌లో పెట్టించగలరా?

పూల పని చూసే వదిన:
బకెట్లు పెట్టిస్తా. గౌరమ్మ మూల మాత్రం మార్చేది లేదు.

నేను:
అయితే ఆ మూలకు మూడో కోటు.