బెజవాడ కచేరీ: హాలు సంగతి తేలేవరకు మిగతా పనులు ఆపండి

పటమట నుంచి, సోమవారం ఉదయం
నిన్న పెట్టిన పనుల పట్టికలో పాసుల ముద్రణ, భోజనాలు, జ్ఞాపికలు వరుసగా ఉన్నాయి గానీ, వాటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి వచ్చిపడింది. వాయించేవాళ్లు కనబడకుండా, వారి బదులు బొమ్మలు గాలిలో నిలబడి ఆడినట్లు చూపించే మన బొమ్మల బృందం కచేరీకి అడ్వాన్సు కట్టిన హాలువారు, వేదికపైన ఉన్న పైపులు తెరలు లాగడానికి మాత్రమే వేసినవనీ, బొమ్మలు ప్రతిఫలించే పారదర్శక ఫిల్ము చట్రాన్ని వాటికి వేలాడదీయనివ్వమనీ ఫోనులో ఖండితంగా చెప్పారు. ఇంకా 12 రోజులే ఉంది. గుంటూరు కచేరీకి మాట్లాడిన హాలువారు కూడా ఇదే మాట అంటారేమో బ్రాడీపేట బాబాయిగారు ఈ రోజే కనుక్కోవాలి.

డాలస్ నుంచి, కోశాధికారి
అక్కా, చట్రం బరువు మాట ఎత్తకుండా అడ్వాన్సు ఎలా కట్టారో నాకు అర్థం కావడం లేదు. ఇక్కడ విరాళాల కోసం మేము పడిన పాట్లు మీకు తెలియనివి కావు. ఫిల్ముకు ఇచ్చిన బయానా కూడా ఇక తిరిగి రాదు.

పటమట నుంచి
తమ్ముడూ, ఆ హాలు చుట్టూ మూడుసార్లు తిరిగినదాన్ని నేను. చట్రం కొలతలు, బరువు మీ వైపు నుంచి వచ్చింది మొన్న శుక్రవారం రాత్రి. లెక్క అడిగే హక్కు మీకు ఉంది, కాదనను. కానీ మాకు తెల్లవారకముందే ఫోను చేసి నిలదీయడం మాత్రం పద్ధతి కాదు.

బ్రాడీపేట నుంచి
ఇద్దరూ కాసేపు ఆగండి. గుంటూరు హాలువారూ ఒప్పుకోలేదు, కాబట్టి తగువు పెట్టుకున్నా లాభం లేదు. అసలు ఆ ఫిల్ము మనకెందుకని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. 1862లో లండనులో పెప్పర్ అనే సైన్సు ఉపన్యాసకుడు ఏటవాలు గాజుపలక మీద దెయ్యాన్ని ప్రతిఫలింపజేసి జనాన్ని హడలగొట్టిన ఉపాయమే ఇది. గాజు పోయి ఫిల్ము వచ్చింది, అంతే. కార్టూన్ బొమ్మల రూపంలో కనిపించే గొరిల్లాజ్ అనే ఇంగ్లండు సంగీత బృందం 2005లో లిస్బన్ ఎమ్‌టీవీ అవార్డుల వేడుకలో ఇదే పద్ధతిలో కనిపించింది. అయితే బేస్, డ్రమ్స్ మోతకు ఫిల్ము అదిరి బొమ్మ చెదిరిపోతుంది కనుక శబ్దం బాగా తగ్గించుకోవలసి వచ్చింది. డ్రమ్స్ వినబడని కచేరీకి మన కుర్రకారు కూర్చుంటారా? అదే బృందం 2001లో తొలి పర్యటనకు బయలుదేరినప్పుడు వాయించేవాళ్లంతా తెర వెనుక ఉన్నారు, తెర మీద బొమ్మలు ఆడాయి. తోలుబొమ్మలాటలో మద్దెల, తాళాలు, పాట అన్నీ గుడ్డ వెనుక నుంచే వస్తాయి గదా. మనకు తెలియని విద్య ఏముంది ఇందులో?

డాలస్ నుంచి, పోస్టర్లు చూసే అమ్మాయి
బాబాయిగారూ, గాలిలో నిలబడే బొమ్మలని పోస్టర్లో రాసేశాము. టోక్యోలో 2010లో కంప్యూటరు గొంతుతో పాడే బొమ్మ గాయని హత్సునే మికు కచేరీకి వాడినట్లు వెనుక నుంచి వెలుగు వేసే పారదర్శక తెరైనా దొరకదా?

బ్రాడీపేట నుంచి
దొరికినా మన డబ్బుకు దొరకదమ్మా. పోస్టర్లో ఆ ముక్క తీసేయండి.

పటమట నుంచి, బుధవారం రాత్రి
బాబాయిగారు అన్న తోలుబొమ్మలాట పద్ధతిలో డాబా మీద పెద్ద పన్నా తెల్లగుడ్డ కట్టి చూశాము. మా ప్రొజెక్టరుకు బొమ్మ వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరం కావాలి, అంటే 14 అడుగుల తెరకు 21 అడుగులు. హాలు వేదిక లోతు సరిగ్గా సరిపోతుంది. వెనుక నుంచి వేస్తున్నాము కనుక మొదట బొమ్మ చేతిలోని గిటారు ఎడమచేతివాటమైంది, పేరు కూడా తిరగబడింది. ప్రొజెక్టరులోనే కుడి ఎడమలు మార్చుకున్నాము. అసలు చిక్కు అది కాదు. ప్రొజెక్టరు కన్ను గుడ్డలోనుంచి నిమ్మకాయంత తెల్లటి చుక్కై, పాడే పిల్ల బొమ్మ బొడ్డు దగ్గర మెరుస్తూ కూర్చుంది. బల్లమీద బల్ల వేసి ప్రొజెక్టరును పైకెత్తి, కిందికి వంచిన తర్వాత గానీ ఆ చుక్క చూసేవారి కంటి వరుస నుంచి తప్పుకోలేదు. వంచడంవల్ల బొమ్మ కింద వెడల్పైంది, దాన్ని కూడా సరిచేశాము. డ్రమ్స్ వాయించే అబ్బాయికి ఇయర్‌ఫోనులో తాళం దెబ్బలు వినిపించాము. బొమ్మ చేయి, అతని దెబ్బ ఒక్కసారే పడుతున్నాయి.

డాలస్ నుంచి, కోశాధికారి
వీడియో చూశాను. మా పాప రెండోసారి పెట్టమంది. మొన్నటి మాటకు ఏమీ అనుకోకండి అక్కా, గుడ్డ రసీదు పంపండి. జ్ఞాపికలు ఎన్ని చేయించాలి?

పటమట నుంచి
గుడ్డను నిలువుగా కుడితే అతుకు బొమ్మ ముఖం మీద పడుతోంది, అడ్డంగా కుట్టించాలి. బాబాయిగారూ, మీకు తెలిసిన దర్జీ ఉన్నారా?

బ్రాడీపేట నుంచి, శుక్రవారం
దర్జీ రేపు సాయంత్రానికి ఇస్తానన్నాడు. పైపుల జోలికి పోకుండా నేలమీదే సరుగుడు బాదులు నిలబెట్టి, మొదళ్లకు ఇసుక బస్తాలు వేసుకుంటామంటే రెండు హాళ్లవారూ సరేనన్నారు. షామియానా అతను బాదులు ఇస్తాడు గానీ బస్తాలు ఇవ్వడట. పటమటలో ఎవరింట్లోనైనా ఖాళీ బియ్యం బస్తాలు ఉంటే ఆదివారం లోపల అక్కయ్యగారింటికి చేర్చండి, కనీసం 16 కావాలి.