ఢాకా ఓటమి తర్వాత ఖాలిద్ జమీల్‌ను ఉంచాలా, తీసేయాలా?

గ్యాలరీ_సీటు:
2025 నవంబర్ 18న ఢాకాలో మన భారత ఫుట్‌బాల్ జట్టు బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడిపోయింది. వాళ్లు మన మీద గెలవడం 22 ఏళ్ల తర్వాత ఇదే మొదటిసారి. 2027 ఆసియా కప్ ఆశలు అంతకుముందే పోయాయి, అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడినప్పుడే. అర్హత పోటీల్లో అయిదు మ్యాచ్‌లకు రెండు పాయింట్లు, రెండు గోల్స్. 2025 నవంబర్‌లో ఫిఫా ర్యాంకు 142. 2023 జూలైలో ఇదే జట్టు 99లో ఉంది.

2025 ఆగస్టులో వచ్చిన కోచ్ ఖాలిద్ జమీల్‌ను ఇంటికి పంపాలని ఎక్కడ చూసినా రాస్తున్నారు. నేను ఒప్పుకోను. 2024 జూన్‌లో ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు. తర్వాత వచ్చిన మనోలో మార్కెజ్ ఏడాదికే, 2025 జూలైలో వెళ్లిపోయాడు. ఇప్పుడు ఖాలిద్‌ను కూడా పంపితే రెండేళ్లు తిరక్కుండా నాలుగో మనిషి వస్తాడు. గోల్ కొట్టేవాడు మాత్రం అప్పటికీ ఉండడు. మీరేమంటారు?

విశాఖ_వింగర్:
అన్నా, గోల్ కొట్టేవాడు లేడన్న మాట నిజమే. కానీ ఆ ఒక్క మాటతో కోచ్‌ను వదిలేయలేం. ఢాకాలో గోల్ పడింది 11వ నిమిషంలో. వాళ్ల రకీబ్ ఎడమ వైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి బంతి వేశాడు, మొర్సలిన్ దాన్ని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ కాళ్ల మధ్య నుంచి లోపలికి నెట్టాడు. ఆ తర్వాత ఇంకా 79 నిమిషాలు ఉన్నాయి. మన ఛాంగ్తే కొట్టిన ఒక్క బంతిని వాళ్ల హంజా చౌదరి తలతో అడ్డుకున్నాడు. అది తప్ప నాకు గుర్తున్న అవకాశం ఇంకోటి లేదు. అన్ని నిమిషాల్లో ఆట తీరు మార్చలేకపోతే అది కోచ్ లోపం కాదా?

గోవా మ్యాచ్ సంగతీ అంతే. 14వ నిమిషంలోనే ఛాంగ్తే దూరం నుంచి కొట్టి ఆధిక్యం ఇచ్చాడు. సొంత గడ్డ, చేతిలో గోల్. అక్కడి నుంచి వెనక్కి తగ్గి కూర్చున్నాం. సింగపూర్ ఆటగాడు సాంగ్ ఉయ్-యంగ్ మొదటి సగం ముగియబోతుండగా ఒకటి, విరామం తర్వాత ఇంకోటి కొట్టాడు. ఈ ఆట చూడటానికి ఆఫీసు నుంచి త్వరగా వచ్చేశాను, చాలా బాధేసింది.

అమ్ముగూడ_9:
మీ బాధ అర్థమవుతోంది తమ్ముడూ. కానీ ఖాలిద్ చేతికి ఏం ఇచ్చారో కూడా చూడండి. వచ్చిన నెలలోపే తజికిస్తాన్‌లో మధ్య ఆసియా జట్ల టోర్నీ కాఫా నేషన్స్ కప్ ఆడాల్సి వచ్చింది. ఫిఫా విండో (జాతీయ జట్ల మ్యాచ్‌లకు ఫిఫా కేటాయించే రోజులు) కాదని మోహన్ బగాన్ క్లబ్ తన ఆటగాళ్లను పంపలేదు. ఉన్నవాళ్లతోనే తజికిస్తాన్‌ను 2-1తో ఓడించాడు. మూడో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో ఒమన్‌ను పెనాల్టీల్లో గెలిచాడు. ఒమన్ మనకంటే ఎంత పై జట్టో ఆసియా ఫుట్‌బాల్ చూసేవాళ్లకు తెలుసు. 2017లో చిన్న క్లబ్ ఐజ్వాల్‌ను దేశవాళీ లీగ్ అయిన ఐ-లీగ్ విజేతగా నిలిపిన మనిషి ఆయన. తక్కువ వనరులతో పని చేయడం ఆయనకు కొత్త కాదు.

ఢాకా మ్యాచ్ నాటికి లీగే లేదు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) 2025-26 సీజన్ అప్పటికి మొదలు కాలేదు. వాణిజ్య హక్కులకు టెండర్ పిలిస్తే ఒక్క బిడ్ కూడా రాలేదు. కొన్ని క్లబ్బులు ప్రాక్టీసు ఆపేశాయి. మ్యాచ్ ఫిట్‌నెస్ లేని ఆటగాళ్లను కొద్ది రోజుల క్యాంపులో ఏ కోచ్ తయారు చేస్తాడు?

రాత్రి_మ్యాచ్_రాజు:
లీగ్ ఆగిపోకముందు మాత్రం ఏం గెలిచాం సార్? 2024 మొత్తం మీద మనం ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ జనవరిలో ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లు ఓడి, ఒక్క గోల్ కూడా కొట్టకుండా తిరిగొచ్చాం. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2. అప్పుడు లీగ్ చక్కగా నడుస్తూనే ఉంది.

అదే 2024 నవంబర్‌లో గచ్చిబౌలిలో మలేషియా మ్యాచ్‌కి వెళ్లాను. గుర్‌ప్రీత్ పెనాల్టీ పెట్టె దాటి బయటికి వచ్చి బంతిని అందుకోలేకపోయాడు. వెనక ఖాళీ గోల్, మలేషియా ఆటగాడు పావులో జోసుయే తాపీగా లోపలికి కొట్టేశాడు. స్టాండ్‌లో నా పక్కన ఉన్న పిల్లాడు వాళ్ల నాన్నను "మనవాళ్లు ఎందుకు ముందుకు రావట్లేదు?" అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి కార్నర్ మీద రాహుల్ భేకే తలతో కొడితే 1-1 అయింది. గోల్ ఇచ్చింది డిఫెండరే, ఫార్వర్డ్ కాదు.

మార్కెజ్ మీద నాకు గౌరవం ఉంది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ కప్ తెచ్చింది ఆయనే. లిస్టన్, ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్లను ఇక్కడే సానబట్టాడు. అదే మనిషి జాతీయ జట్టుతో ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచాడు, అదీ మాల్దీవుల మీద. పైగా మొదటి ఏడాదంతా గోవా క్లబ్బునూ నడిపించాడు. జాతీయ జట్టుకు సగం కోచ్‌ను పెట్టడానికి ఫుట్‌బాల్ సమాఖ్య ఎలా ఒప్పుకుంది? ఈ ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

గ్యాలరీ_సీటు:
రాజు గారూ, మీరు చెప్పిందే నా వాదనకు బలం. మంచి కోచ్ కూడా విఫలమయ్యాడంటే తప్పు ఇంకెక్కడో ఉంది. 2024-25 ఐఎస్ఎల్‌లో భారతీయుల్లో ఎక్కువ గోల్స్ ఎవరివి? సునీల్ ఛెత్రివి, 14. అప్పటికి ఆయన వయసు 40. 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్ మ్యాచ్‌తో వీడ్కోలు చెప్పిన మనిషిని 2025 మార్చిలో మళ్లీ పిలిపించుకోవాల్సి వచ్చింది. సింగపూర్ మ్యాచ్‌లకు ఖాలిద్ కూడా ఆయన్నే నమ్ముకున్నాడు.

క్లబ్బుల్లో నలుగురు విదేశీయులు ఆడొచ్చు. గోల్ కొట్టే బాధ్యత దాదాపు ప్రతి క్లబ్బూ వాళ్లకే ఇస్తుంది. మన కుర్రాడు అండర్-17లో స్ట్రైకర్, సీనియర్ జట్టుకి వచ్చేసరికి వింగర్, లేదంటే బెంచి. నారు పోయకుండా కోతకు కూలీలను మార్చుకుంటూ పోతే ఏం లాభం?

కిక్కాఫ్_టొరంటో:
ఇక్కడ కెనడాలో ఉండి తెల్లవారుజామున మ్యాచ్‌లు చూస్తున్నవాడిగా ఒక మాట. విదేశాల్లో పుట్టిన భారత సంతతి ఆటగాళ్ల దారి తెరవండి అని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాం. ఇప్పుడు రయాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని మరీ వచ్చాడు. జట్టుతో ఢాకా దాకా వెళ్లాడు. అనుమతి సమయానికి రాక ఆడలేకపోయాడు. అంత త్యాగం చేసిన మనిషి పేపర్లు ముందే సరిచూసుకోవాల్సింది సమాఖ్య. అవతల హంజా చౌదరి ఇంగ్లండ్ నుంచి వచ్చి బంగ్లాదేశ్ జట్టు ధైర్యాన్నే మార్చేశాడు. ఒక్క ఆటగాడు ఎంత తేడా తెస్తాడో మన కళ్ల ముందే కనబడింది.

విశాఖ_వింగర్:
విలియమ్స్‌కి 32 ఏళ్లు దాటాయి. మహా అయితే రెండు మూడేళ్లు ఆడతాడు. దాన్ని పరిష్కారం అంటే నేను ఒప్పుకోను.

అమ్ముగూడ_9:
ఇంకో సంగతి. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం తెచ్చినప్పుడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకెళ్లినప్పుడు, ఆయన వెనక ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో ఆడిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఉంది. 1950 నుంచి 54 వరకు వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్ టోర్నీ వాళ్లదే. మా అమ్ముగూడ బస్తీ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ తరంలోంచే వచ్చాడు. ఇప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీయే ఢిల్లీకి తరలిపోయింది. ఇక్కడి పిల్లాడు ఏ జట్టును చూసి పెరగాలి?

అదే సమయంలో మన ఆడపిల్లల జట్టు చూడండి. 2025 జూలైలో చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను వాళ్ల సొంతగడ్డ మీద 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించారు. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. మన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఆడుతున్న జట్టు అది. అప్పటి కోచ్ క్రిస్పిన్ ఛెత్రి కూడా భారతీయుడే. ఖాలిద్‌ను భారతీయుడన్న ఒక్క కారణంతో తక్కువ చేసి మాట్లాడేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

రాత్రి_మ్యాచ్_రాజు:
భారతీయుడని నేను తక్కువ చేయలేదు సార్. ఎవరైనా ఒకటే కొలత ఉండాలంటున్నా. సరే, ఖాలిద్‌ను ఉంచుదాం. కానీ 2026 మార్చిలో హాంకాంగ్‌తో మిగిలిన ఆ చివరి మ్యాచ్‌కి ఎవరిని దించాలి? అర్హత ఎలాగూ పోయింది. అందులోనూ పాతవాళ్లతోనే వెనక్కి కూర్చుని ఆడిస్తే నేను మళ్లీ ఇక్కడికే వచ్చి రాజీనామా అడుగుతాను.

గ్యాలరీ_సీటు:
ఆ విషయంలో మీతో ఒకటే మాట. గుర్‌ప్రీత్, డిఫెండర్ జింగన్ ఇద్దరినీ పక్కన పెట్టి 23 ఏళ్ల లోపు వాళ్లు కనీసం అయిదుగురితో మొదలుపెట్టాలి, ముందు ఇద్దరు స్ట్రైకర్లతో. 0-3తో ఓడినా నేను ఖాలిద్ వైపే మాట్లాడతాను.